గని పక్క పల్లెకు గని సొమ్ములో వాటా: అడిగి తెచ్చుకోవడం ఎలా

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో బాక్సైట్ కొండల చుట్టుపక్కల తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. గుణుపురం వైపు జాతాపులు, నాగావళి, వంశధార ఒడ్డున పొలం చేసుకునే రైతులు, రాయగడ, జయపురం పట్టణాల్లో వ్యాపారం చేసుకుంటూ పల్లెలో భూమి ఉంచుకున్నవాళ్లు. ఇంట్లో తెలుగు, సంతలో కుయి, ఆఫీసులో ఒడియా. చదివే పత్రిక మాత్రం శ్రీకాకుళం, విజయనగరం వార్తలతో వస్తుంది. రాయగడ కలెక్టరేట్‌లో ఏం నిర్ణయించారో అందులో ఉండదు. ఒడియా కాగితం చేతికొచ్చినా చదివి చెప్పే మనిషి పక్కన ఉండడు. ఈ రెండింటి మధ్య జారిపోతున్నది చిన్న మొత్తం కాదు.

గని సొమ్ములో మీ పల్లెకు చట్టప్రకారం వాటా ఉంది. అది కలెక్టరేట్ దాకా తనంతట తానే వస్తుంది. అక్కడి నుంచి మీ ఊరికి రావాలంటే ప్రణాళిక ఖరారు కాకముందే, పల్లిసభ (ఒక్కో ఊరికి విడిగా జరిగే సభ) తీర్మానంతో, కాగితం మీద అడగాలి. అలా అడగడం ఎలాగో వరుసగా చెబుతాను.

ముందు ఏ డబ్బు ఎవరిదో విడదీయండి

గని నుంచి మూడు రకాల డబ్బు బయటికి వస్తుంది. మన ఊళ్లలో మూడింటినీ కలిపి 'కంపెనీ డబ్బు' అనేస్తారు. అడగడంలో పొరపాటు అక్కడే మొదలవుతుంది.

మొదటిది రాయల్టీ. తవ్విన ఖనిజానికి కంపెనీ రాష్ట్ర ప్రభుత్వానికి కట్టేది. ఇది రాష్ట్ర ఖజానాలో కలిసిపోతుంది. అందులో మీ పల్లె పేరున విడిగా ఏమీ ఉండదు.

రెండోది జిల్లా ఖనిజ ఫౌండేషన్ సొమ్ము. అందరూ డీఎంఎఫ్ అంటారు. గనుల చట్టాన్ని 2015లో సవరించినప్పుడు 9బి అనే సెక్షన్ చేర్చి దీన్ని పెట్టారు. గనుల వల్ల ప్రభావితమైన మనుషుల కోసం, ప్రాంతాల కోసం ప్రతి గనుల జిల్లాలోనూ ఒక ట్రస్టు ఉండాలి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజైతే కంపెనీ కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం, ఆ తర్వాత వేలంలో ఇచ్చిన లీజైతే 10 శాతానికి సమానమైన మొత్తం ఈ ట్రస్టుకు అదనంగా కట్టాలి. అంటే రాయల్టీ వంద రూపాయలైతే పాత గని నుంచి 30, కొత్త గని నుంచి 10. మీ పక్క గని లీజు ఏ సంవత్సరానిదో ముందు కనుక్కోవాలనడం ఇందుకే.

మూడోది సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమని చట్టం చెబుతుంది, కానీ ఏ ఊళ్లో ఏ పని చేయాలో తేల్చేది కంపెనీ బోర్డే. సీఎస్ఆర్ దగ్గర మీరు కోరగలరు. డీఎంఎఫ్ దగ్గర మీరు హక్కుగా అడగగలరు. ఊరి మొదట్లో కంపెనీ పేరు రాసిన బస్ షెల్టర్ వెలిసిందంటే మన వాటా ముట్టిందని కాదు. డీఎంఎఫ్ లెక్క పూర్తిగా విడిగా ఉంటుంది.

ఈ హక్కు వెనక ఉన్న మాట ఒకటి తెలుగువాళ్లు గర్వంగా గుర్తుపెట్టుకోవలసింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత అనే స్వచ్ఛంద సంస్థ కేసులో తీర్పు ఇచ్చింది. అది మన పక్కనే ఉన్న విశాఖ మన్యం, బొర్రా ప్రాంతపు గనుల గురించి. షెడ్యూల్డ్ ప్రాంతంలో (రాజ్యాంగం ఐదో షెడ్యూలు రక్షణ ఉన్న గిరిజన ప్రాంతంలో) గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని చెబుతూనే, నికర లాభంలో కనీసం 20 శాతాన్ని స్థానికుల నీరు, బడి, ఆసుపత్రి, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా కోర్టు అంది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లకు వచ్చిన డీఎంఎఫ్ లాభంతో కాక రాయల్టీతో ముడిపడింది. నా దృష్టిలో అది తగ్గింపే. అయినా చేతిలో ఉన్న పనిముట్టు ఇదే కాబట్టి దీన్ని పూర్తిగా వాడుకోవాలి.

మీ పల్లె జాబితాలో ఉందో లేదో చూడండి

డీఎంఎఫ్ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో చెప్పేది ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ్ యోజన. 2015లో మొదలైంది, 2024 జనవరిలో మార్గదర్శకాలు మార్చారు. కొత్త మార్గదర్శకాల ప్రకారం గని నుంచి 15 కిలోమీటర్ల పరిధి నేరుగా ప్రభావితమైన ప్రాంతం, 25 కిలోమీటర్ల దాకా పరోక్షంగా ప్రభావితమైన ప్రాంతం. నేరుగా ప్రభావితమైన ఊళ్లకే ముందు పీట.

ప్రభావిత గ్రామాల జాబితా ట్రస్టు దగ్గర ఉంటుంది. బ్లాక్ ఆఫీసులో గాని, కలెక్టరేట్‌లోని డీఎంఎఫ్ విభాగంలో గాని అడగండి. ఒడిశా డీఎంఎఫ్ వెబ్‌సైటులో జిల్లాలవారీగా పనుల వివరాలు కూడా పెడతారు. జాబితాలో ఊరి పేరు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. మనం పిలిచే పేరు, ఒడియా రికార్డులోని పేరు ఒకటి కాకపోవచ్చు. మీ భూమి పట్టాలో మౌజా (రెవెన్యూ గ్రామం) పేరు ఒడియాలో ఎలా రాసి ఉందో చూసి ఆ పేరుతోనే వెతకండి. పెద్ద ఊరికి అనుబంధంగా ఉన్న చిన్న పల్లెలు రెవెన్యూ రికార్డులో విడిగా కనిపించవు. మీది అలాంటిదైతే తల్లి గ్రామం పేరు కింద చూడాలి. అక్కడ ఉంటే మా పల్లెను కూడా విడిగా పేర్కొనండని రాతపూర్వకంగా కోరాలి.

జాబితాలో లేకపోతే దూరం ఒక్కటే చూపకండి. లారీలు మీ ఊరి మీదుగా పోతున్నాయా, దుమ్ము పంట మీద పడుతోందా, గని వైపు నుంచి వచ్చే గెడ్డ నీరు వానాకాలంలో రంగు మారుతోందా, ఊట ఎండిందా అన్నవి తేదీలతో రాసి, ఫోనుతో ఫొటోలు తీసి జత చేయండి. తేదీ లేని ఫొటోను ఆఫీసులో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇంకో మాట. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగ్‌పూర్ జిల్లాలు మొత్తంగా ఐదో షెడ్యూలు కిందికి వస్తాయి. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు మాత్రమే వస్తాయి. గజపతిలోని రాయగడ బ్లాకు, రాయగడ జిల్లా వేరువేరు. దరఖాస్తులో ఈ రెండూ కలిసిపోతే కాగితం వేరే కలెక్టరేట్‌కు వెళ్లి అక్కడే పడి ఉంటుంది.

పల్లిసభ: అసలు బలం ఇక్కడే

షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభావిత గ్రామాల విషయంలో ఖనిజ క్షేత్ర మార్గదర్శకాలు రెండు మాటలు స్పష్టంగా చెబుతాయి. ఒకటి, ఆ గ్రామంలో చేపట్టే ప్రణాళికలకు, పనులకు గ్రామసభ ఆమోదం తప్పనిసరి. రెండు, ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిశాక ఆ గ్రామంలో చేసిన పనుల నివేదికను గ్రామసభకు ఇవ్వాలి. ఈ రెండు వాక్యాలూ మీ ఊళ్లో పదిమందికి నోటికి రావాలి.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూడండి. ఒడిశాలో గ్రామసభ అంటే పంచాయతీ మొత్తానికి జరిగే సభ. ఒక్కో ఊరికి జరిగేది పల్లిసభ. పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 పెసా చట్టం మాత్రం తన సంప్రదాయాల ప్రకారం తన వ్యవహారాలు చూసుకునే ప్రతి ఆవాసానికీ గ్రామసభ ఉంటుందని చెబుతుంది. అంటే చట్టం ఉద్దేశించిన సభ మన లెక్కలో పల్లిసభకే దగ్గర. పంచాయతీలో పది, పదిహేను పల్లెలు ఉంటాయి. కొండ కింద పల్లెలో ముప్పై గడపలు ఉంటే పంచాయతీ కేంద్రంలో మూడు వందలు ఉంటాయి. పంచాయతీ సభలో చేతులు ఎత్తించి తీర్మానం చేస్తే దుమ్ము తినే ఊరికి నీళ్ల ట్యాంకు పోయి, దుమ్ము పడని ఊరికి కల్యాణ మండపం వస్తుంది. 'గ్రామసభలో ఆమోదం అయింది' అని ఎవరైనా అంటే 'మా పల్లిసభ తీర్మానం ఏది?' అని అడగండి. అడిగేటప్పుడు మర్యాద తగ్గకూడదు, అడగడం మానకూడదు.

ఒడిశాలో పల్లిసభ ఏటా ఫిబ్రవరిలో జరగాలి. మీరు జనవరిలోనే పని మొదలుపెట్టాలి. వార్డు మెంబరును, పంచాయతీ కార్యనిర్వాహక అధికారిని కలిసి తేదీ, చోటు కనుక్కోండి. 'డీఎంఎఫ్ పనుల ప్రతిపాదన' అనే అంశాన్ని అజెండాలో చేర్చమని రాసిచ్చి, ఇచ్చినట్టు సంతకం చేయించుకోండి. అజెండాలో లేని అంశం సభలో మాట్లాడినా రిజిస్టరులోకి ఎక్కదు. సభ పనివేళల్లో పెడితే కూలికి వెళ్లే ఆడవాళ్లు రాలేరు. సాయంత్రానికి మార్చమని ముందే కోరండి. మిషన్ శక్తి పొదుపు సంఘాలు ఉన్న ఊళ్లో సంఘం అధ్యక్షురాలికి చెబితే ఆ కబురు ఒక పూటలో ఇంటింటికీ చేరుతుంది.

ఎంతమంది రావాలి? అటవీ హక్కుల చట్టం నిబంధనలు 2012లో సవరించాక ఆ చట్టం కింద జరిగే గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. డీఎంఎఫ్ తీర్మానానికి కూడా మీకు మీరే ఈ కొలత పెట్టుకోండి. తర్వాత ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇక రిజిస్టరు సంగతి. దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి. తీర్మానం రాయకముందే హాజరు పట్టీ మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకోవడం చాలా చోట్ల అలవాటు. పైన ఖాళీ ఉంచి కింద సంతకాలు పెట్టించిన పేజీలో తర్వాత ఏమైనా రాయవచ్చు. గని విస్తరణకు ఒప్పుకున్నామని కూడా రాయవచ్చు. కాబట్టి ముందు తీర్మానం పూర్తిగా రాయించండి. రాసినదాన్ని సభలో బిగ్గరగా చదివించండి. ఒడియా రాని వాళ్లకు తెలుగులో, కుయిలో చెప్పించండి. చివరి వాక్యం కింద అడ్డగీత గీయించండి. ఆ గీత కిందే సంతకాలు మొదలు కావాలి. వేలిముద్ర వేసినవాళ్ల పేరు పక్కన చదువు వచ్చిన ఒకరు సాక్షిగా సంతకం చేయాలి. సభ ముగియగానే ఆ పేజీల ఫొటో ముగ్గురు నలుగురి ఫోన్లలో ఉండాలి.

పల్లిసభ మాటకు ఎంత బరువుందో మన జిల్లాయే దేశానికి చూపింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి బాక్సైట్ గని విషయంలో అక్కడి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి సమక్షంలో రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5, మొత్తం 12 పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. గని రాలేదు. డోంగ్రియా కొంధుల ఆ పల్లెల్లో కొన్ని చేతివేళ్ల మీద లెక్కించగలిగినన్ని ఇళ్లున్నవి.

ఏం అడగాలి, ఎలా రాయాలి

2024 మార్గదర్శకాల ప్రకారం నిధిలో కనీసం 70 శాతం అధిక ప్రాధాన్య రంగాలకు పోవాలి. తాగునీరు, కాలుష్య నియంత్రణ, ఆరోగ్యం, విద్య, స్త్రీ శిశు సంక్షేమం, వృద్ధులు, దివ్యాంగుల సంక్షేమం, నైపుణ్య శిక్షణ, పారిశుధ్యం వంటివి ఇందులోకి వస్తాయి. మిగతాది రోడ్లు, సాగునీరు, విద్యుత్ వంటి వాటికి. కాబట్టి మీ జాబితాలో పైన ఉండవలసింది నీరు, ఆరోగ్యం, బడి. సీసీ రోడ్డు అడగవద్దని అనడం లేదు. రోడ్డు వేయడానికి కాంట్రాక్టరు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు. మీరు అడగకపోయినా ఆ ప్రతిపాదన ఎవరో ఒకరు పెడతారు. ఊట నీటిని పరీక్షించమని మాత్రం మీరు తప్ప ఎవరూ అడగరు.

అయిదారు పనులకు మించి పెట్టకండి. ప్రతి పనికీ ఎవరికి, ఎక్కడ, ఎందుకు, ఎంత అన్న నాలుగు విషయాలు ఉండాలి. 'మా ఊరికి మంచినీటి సౌకర్యం కల్పించగలరు' అని రాస్తే అది విన్నపం. దాన్ని ఇలా మార్చి చూడండి:

'మా పల్లెలో 42 ఇళ్లు, 2 చేతి పంపులు ఉన్నాయి. బడి దగ్గరి పంపులో మార్చి నుంచి జూన్ వరకు నీరు రాదు. రెండో పంపు నీరు ఎర్రగా వస్తోంది. తూర్పు కొండ పాయలో ఏడాది పొడవునా పారే ఊట ఉంది, పల్లెకు ముప్పావు కిలోమీటరు. ఆ ఊట నుంచి గొట్టం వేసి, 10 వేల లీటర్ల ట్యాంకు కట్టి, నాలుగు వీధి కుళాయిలు పెట్టాలి. ట్యాంకు స్థలం గ్రామకంఠంలో ఉంది, ప్లాటు నంబరు జత చేశాం. పని మొదలుపెట్టేముందు రెండు నీటి నమూనాలు పరీక్షించి ఫలితం పల్లిసభకు తెలపాలి. ఈ పనిని డీఎంఎఫ్ నిధుల కింద, తాగునీటి రంగంలో చేపట్టాలని ఈ సభ తీర్మానిస్తోంది.'

ఇది నమూనా మాత్రమే, అంకెలు మీ ఊరివి వేసుకోండి. ఇలా రాసిన తీర్మానాన్ని తిరస్కరించాలంటే అధికారి కూడా కారణం రాయాల్సి వస్తుంది. ఆరోగ్యం గురించి రాసేటప్పుడు ఆశా కార్యకర్త దగ్గర, ఉప కేంద్రం రిజిస్టరులో ఉన్న దగ్గు, ఉబ్బసం, క్షయ కేసుల లెక్క అడిగి వేయండి. రోగుల పేర్లు వద్దు, అంకెలు చాలు.

మన పిల్లల చదువు గురించి కూడా ఇక్కడ అడగవచ్చు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు రాజ్యాంగం 350ఎ అధికరణ ఆధారం. తెలుగు పిల్లలు తగినంతమంది ఉన్న చోట తెలుగు బోధకుడిని, పుస్తకాలను విద్యా రంగం కింద ప్రతిపాదించండి. కుయి పిల్లల కోసం కూడా అదే తీర్మానంలో రాయండి. రెండు భాషల పిల్లల కోసం ఊరంతా కలిసి అడిగినప్పుడు వచ్చే బలం వేరు.

ప్రభావిత ప్రాంతాల్లో ముందుగా ప్రాథమిక సర్వే చేసి దాని ఆధారంగా అయిదేళ్ల ప్రణాళిక తయారు చేయాలని కొత్త మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ సర్వే మీ ఊరికి వచ్చిందా అని అడగండి. వచ్చి వెళ్లిపోయి ఉంటే మీ పల్లె గురించి ఏం రాశారో చూపించమనండి. అయిదేళ్ల ప్రణాళికలో చోటు దొరకని పని ఏటేటా వెనక్కే పోతుంది.

ఇవ్వడం, వెంటపడటం

దరఖాస్తు కలెక్టర్ పేరున రాయండి. జిల్లా ట్రస్టును నడిపేది కలెక్టరే. తీర్మానం నకలు, ఫొటోలు, పటం జత చేసి, ఒక ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ, డైరీ నంబరు వేయించుకోండి. మరో ప్రతి బీడీవోకు (బ్లాక్ అభివృద్ధి అధికారికి), ఇంకొకటి మీ ఎమ్మెల్యేకు ఇవ్వండి. ట్రస్టు పాలక మండలిలో ఎంపీలు, ఎమ్మెల్యేలు కూడా సభ్యులు. కలెక్టర్ సోమవారాల్లో జరిపే ఉమ్మడి గ్రీవెన్స్‌లో ఇచ్చినా, జనసునాణి అనే ఒడిశా ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టినా నంబరు వస్తుంది. ఆ నంబరు లేకుండా తర్వాత ఒక్క అడుగు కూడా వేయలేరు.

భాష మాటేమిటి? రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం ఏ పౌరుడైనా తన ఫిర్యాదును రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి ఇవ్వవచ్చు. తెలుగులో రాసినంత మాత్రాన తిప్పి పంపే హక్కు ఎవరికీ లేదు. అయినా ఒడియాలో ఒక ప్రతి ఉంటే పని తొందరగా జరుగుతుంది. హైస్కూలు చదివిన పిల్లలు ఇప్పుడు ప్రతి పల్లెలోనూ ఉన్నారు, వాళ్ల చేత ఒడియా ప్రతి రాయించి రెండూ కలిపి ఇవ్వండి.

రెండు నెలలు దాటినా కబురు లేకపోతే సమాచార హక్కు చట్టం వాడండి. ఒడిశాలో దీనికి ఫారం ఎ అనే నమూనా ఉంది, మామూలు తెల్లకాగితం మీద రాస్తే వెనక్కి వస్తుంది. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖ దిగువ కార్డు ఉన్నవాళ్లకు లేదు. ప్రశ్నలు చిన్నవిగా, కాగితం అడిగేవిగా ఉండాలి. 'మా ఊరికి ఎందుకు అన్యాయం చేశారు' అంటే జవాబు రాదు. ఫలానా ఆర్థిక సంవత్సరంలో ఫలానా గని నుంచి డీఎంఎఫ్‌కు జమ అయిన మొత్తం, మా పంచాయతీకి మంజూరైన పనుల జాబితా, వాటికి ఆధారమైన పల్లిసభ తీర్మానాల నకళ్లు, మా దరఖాస్తు మీద ఫైలులో రాసిన నోట్ల నకళ్లు. ఈ నాలుగూ చాలు. మూడోది అన్నిటికన్నా పదునైనది. తీర్మానం నకలు చేతికొస్తే అందులో సంతకాలు నిజంగా ఎవరివో ఊళ్లో కూర్చుని చూసుకోవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

కొత్త గని, విస్తరణ వస్తున్నప్పుడు

వాటా అడగడం ఒక ఎత్తు, గని రావాలా వద్దా అన్న చోట మాట చెల్లించుకోవడం మరో ఎత్తు. రెండోది చేజారితే మొదటిది పరిహారంగానే మిగులుతుంది.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనులకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ఆ ప్రకటన ఒడియా పత్రికలో వస్తుంది, మన చేతికొచ్చే తెలుగు పత్రికలో రాదు. ఊళ్లో ఒకరిని ఒడియా పత్రిక రోజూ చూసే పనికి పెట్టండి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అందుబాటులో ఉంటుంది. సారాంశం స్థానిక భాషలో ఉండాలి. మొత్తం చదవనక్కర్లేదు. మీ ఊరి నీటి వనరుల గురించి ఏం రాశారో, మీ గెడ్డ పేరు అందులో ఉందో లేదో చూడండి. ఏడాది పొడవునా పారే గెడ్డను వానాకాలపు వాగు అని రాసి ఉంటే అదే మీ మొదటి అభ్యంతరం.

సభలో మాట్లాడిన ప్రతి మాటా వీడియోలో, రాతలో నమోదు కావాలి. ముగింపులో కార్యక్రమ నివేదికను స్థానిక భాషలో చదివి వినిపించాలి. చదవకుండా ముగిస్తుంటే అక్కడే లేచి అడగండి. మాట్లాడే అవకాశం రాదనిపిస్తే రాతపూర్వక అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి, దానికీ సమాన విలువే. అనుమతి వచ్చేశాక జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. మన ప్రాంతానికి బెంచి కోల్‌కతాలో ఉంది.

అటవీ భూమి ఉన్న చోట అటవీ హక్కుల చట్టం మీకు కవచం. 2022 అటవీ సంరక్షణ నిబంధనల తర్వాత ఆ హక్కులు తేల్చే బాధ్యత ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వం మీద పడింది. కాబట్టి గని మాట వినిపించేదాకా ఆగకండి. వ్యక్తిగత పట్టాలతో సరిపెట్టుకోకుండా మీ ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవి మీద సామూహిక హక్కు దరఖాస్తు ఇప్పుడే పెట్టండి. హద్దులు గీసిన పటం చేతిలో ఉన్న ఊరితో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

చమురు, గ్యాస్ అయితే లెక్క వేరు

కోనసీమలో మేనమామలు, మేనత్తలు ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఇది: అక్కడి చమురు బావుల పక్క ఊళ్లకు డీఎంఎఫ్ రాదా? రాదు. డీఎంఎఫ్‌ను పెట్టిన గనుల చట్టం ఖనిజం అనే మాటలోంచి చమురును మినహాయించింది. చమురు, గ్యాస్ 1948 నాటి చమురు క్షేత్రాల చట్టం కిందికి వస్తాయి. నేల మీద బావులైతే రాయల్టీ రాష్ట్రానికి, సముద్రంలో బావులైతే కేంద్రానికి. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఊరే కాలింది. ఆ ఊళ్లకు ఇప్పటికీ డీఎంఎఫ్ వంటి చట్టబద్ధమైన వాటా లేదు. ఇది సరిదిద్దవలసిన అన్యాయమని నా గట్టి నమ్మకం.

బయటి దేశాల్లో దారులు వేరుగా ఉన్నాయి. అలాస్కాలో 1976లో రాజ్యాంగ సవరణతో చమురు రాయల్టీలో కనీసం 25 శాతం శాశ్వత నిధికి మళ్లించి, 1982 నుంచి అక్కడి ప్రతి నివాసికీ ఏటా నగదు పంచుతున్నారు. నైజీరియా రాజ్యాంగం చమురు ఆదాయంలో కనీసం 13 శాతం చమురు పండే రాష్ట్రాలకు ఇవ్వమంటుంది. ఆ డబ్బు రాష్ట్ర ప్రభుత్వాల చేతికే పోయింది, నైజర్ డెల్టా పల్లెల గొంతు ఎండుతూనే ఉంది. చివరికి 2021లో అక్కడ కొత్త చట్టం తెచ్చి, కంపెనీ నిర్వహణ వ్యయంలో 3 శాతం నేరుగా స్థానిక సముదాయాల ట్రస్టులకు కట్టాలన్నారు. శాతం ఎంతన్నదానికంటే ఎవరి చేతిలో పడుతుందన్నదే అక్కడా తేల్చవలసి వచ్చింది.

గంజాం జిల్లా తెలుగు రైతులకు చమురు వేరే రూపంలో ఎదురవుతుంది. పారదీప్ నుంచి హైదరాబాద్ వైపు ఇండియన్ ఆయిల్ పైపులైను ఆ జిల్లా మీదుగానే వెళ్తుంది. ఇలాంటి పైపులైన్లకు 1962 చట్టం కింద భూమి కొనరు, వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. పొలం మీదే, సాగు చేసుకోవచ్చు. కానీ ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరానికి గడువు 21 రోజులే. పంట నష్టానికి పరిహారం, దాని మీద భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. మొత్తం తక్కువనిపిస్తే జిల్లా జడ్జికి దరఖాస్తు చేసుకోవచ్చు. రోడ్డు పక్క పొలమైతే విలువ కట్టేటప్పుడే చుట్టుపక్కల రిజిస్టర్డ్ అమ్మకాల నకళ్లు చూపండి. ముందుముందు ఇంటి స్థలంగా మారే నేల అది.

పని మొదలయ్యాక

మంజూరు కాగితంతో మీ బాధ్యత తీరదు. పని అంచనా నకలు అడిగి తీసుకోండి. ట్యాంకు సామర్థ్యం, గొట్టం సైజు, సిమెంటు పాళ్లు అందులో ఉంటాయి. ఊళ్లో తాపీ పని తెలిసినవాళ్లు ఉంటారు, వాళ్ల చేత రోజూ ఒకసారి చూయించండి. ట్యాంకు నిలబడినా కుళాయిలో నీరు రాకముందే 'పూర్తయింది' అన్న కాగితం మీద వార్డు మెంబరు సంతకం పెట్టకుండా చూసుకోండి. కంపెనీ తన అనుమతి షరతులను ఎలా పాటిస్తున్నదో ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి నివేదిక ఇవ్వాలి. మీ గెడ్డ నీటి పరీక్షల అంకెలు అందులో ఉంటాయి. అవి మీ ఊరి పంపు నీటి ఫలితాలతో పోల్చి చూడండి.

ట్రస్టు తన వార్షిక నివేదికను ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో తయారు చేసి వెబ్‌సైటులో పెట్టాలి. లెక్కలకు ఏటా ఆడిట్ ఉంటుంది. జూలైలో ఒక రోజు కేటాయించి మీ పంచాయతీ పేరున ఎన్ని పనులు చూపారో, వాటిలో మీ పల్లెలో కళ్లకు కనిపించేవి ఎన్నో ఎదురెదురుగా రాయండి. తేడా ఉంటే ఆ పట్టీనే దరఖాస్తుగా చేసి కలెక్టర్‌కు ఇవ్వండి. పనుల నివేదిక మీ సభకు ఇంకా రాలేదని కూడా అందులోనే రాయండి. నకలును పల్లిసభ రిజిస్టరులో అంటించి, వచ్చే ఫిబ్రవరి అజెండాలో దాన్నే మొదటి అంశంగా చేర్పించండి.